మధుమేహము: మరలునా, మానునా?



నేటి నా ప్రసంగమునకు విషయము మన యిండ్లలో నిత్యము వినబడు ప్రశ్నయే. "షుగరు వచ్చినది. ఇది యిక జన్మాంతము నుండవలసినదేనా? ఆహారనియమముచేతను, నడకచేతను, ఔషధముచేతను దీనిని పోగొట్టుకొనుటకు వీలు గలదా?" అని రోగి యడుగును. ఈ ప్రశ్నకు లోకమున రెండు జవాబులు సిద్ధముగా నున్నవి. "ఒకసారి వచ్చినచో కాటికి పోవువరకు విడువదు, మాత్రలు మ్రింగుచు కూర్చుండవలసినదే" అనునది మొదటిది. "మా చూర్ణము నలువది దినములు పుచ్చుకొనుడు, రోగము సమూలముగా పోవును, మాత్రలన్నియు పారవేయుడు" అనునది రెండవది. మొదటి జవాబు రోగిని నిరాశకు లోనుచేయును. రెండవది కొందరి ప్రాణమునకే ముప్పు తెచ్చును. రెండును పూర్ణసత్యములు కావు. వీని నడుమ నున్న సత్యమును మీకు విన్నవించుట నా యుద్దేశము. నేను వైద్యుడను గాను. ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. కావున మాటలకు అర్థము నిర్ణయించుటతో ప్రారంభించుట నాకు అలవాటు. ఈ విషయమున ఆ యలవాటు కొంత పనికివచ్చును.

తెలుగున "మానుట" యనియు "మరలుట" యనియు రెండు మాటలు కలవు. పుండు మానినది అందుము. మానిన పుండునుగూర్చి యిక చింత లేదు. కట్టు గట్టనక్కరలేదు, పథ్యము చేయనక్కరలేదు. వరదనుగూర్చి మాత్రము మానినదనము, మరలినదందుము. గోదావరి పొంగి లంకలలోనికి వచ్చి, పిమ్మట నీరు తీసినప్పుడు, ఏరు మరలినదని చెప్పుదుము. మరలిన యేరు ఎండిపోలేదు. తన గట్లకు లోబడి పారుచున్నది. గట్టును నిర్లక్ష్యము చేసితిమా, మరలినది మరల వచ్చును. మధుమేహమునుగూర్చి నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది ఈ రెండవ మాటయే. అది కొందరిలో మరలును. మానినదని మాత్రము శాస్త్రము చెప్పదు.

ఈ మరలుటకు వైద్యులు ఒక కొలతను కూడ ఏర్పరచినారు. మన రక్తములోని ఎఱ్ఱకణములు ఇంచుమించు 120 దినములు జీవించును. రక్తమున చక్కెర యెంత హెచ్చుగా నున్నచో ఆ కణములలోని రంగుపదార్థమునకు అంత హెచ్చుగా అంటుకొనును. ఆ యంటుకొన్న పాలును కొలుచుటయే హెచ్‌బీఏ1సీ యను పరీక్ష. నిన్న తిన్నదానిని గాక, గడచిన రెండు మూడు నెలల నడవడిని అది తెలుపును. ఒక్కరోజు పత్యముండి దానిని మోసగించుటకు వీలులేదు. అది నూటికి 6.5 పాళ్లు గాని అంతకు మించి గాని యున్నచో మధుమేహమందురు. 2021లో అమెరికా, యూరపు, బ్రిటను దేశములకు చెందిన మధుమేహ సంఘముల నిపుణులు కూడి ఆలోచించి, చక్కెరను తగ్గించు మందులన్నియు మానిన పిమ్మట కనీసము మూడు నెలలు ఆ కొలత 6.5కు తక్కువగా నిలిచినచో దానిని ఉపశమనమనవలెనని నిర్ణయించిరి. నిర్మూలనమను మాటను వారు గ్రహింపలేదు. ఉపశమనము పొందినవారు సైతము ఏటేట పరీక్ష చేయించుకొనుచుండవలెననియు, కన్నులు, మూత్రపిండములు, పాదములు చూపించుకొనుట మానరాదనియు చెప్పిరి.

ఈ భేదము మన పూర్వులకు తెలియనిది కాదు. చరకుడు ప్రమేహములను ఇరువదిగా విభజించి, కఫజములు పదియు సాధ్యములనియు, పిత్తజములు ఆరును యాప్యములనియు, మధుమేహముతో గూడిన వాతజములు నాలుగును అసాధ్యములనియు చెప్పెను. సాధ్యమనగా మానునది. అసాధ్యమనగా చికిత్సకు లొంగనిది. యాప్యమనగా చికిత్సయు పథ్యమును సాగినంతకాలము అణగియుండి, అవి విడువగనే తలయెత్తునది. కూలనున్న యింటికి చక్కగా నిలిపిన ఊతకంబము వంటిది యాప్యరోగమునకు చికిత్స యని సుశ్రుతుడు పోల్చెను. కంబమున్నంతకాలము ఇల్లు నిలుచును; అందు కాపురము చేయవచ్చును. కంబమెందులకని తీసివేసినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

సుశ్రుతుడే మరి రెండు సంగతులు చెప్పెను. ప్రమేహము పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యముచేత వచ్చునది యొకటి యని రెండు విధములనియు, మొదటివాడు కృశించియుండుననియు, రెండవవాడు స్థూలుడై తిండియందును కూర్చుండుటయందును నిద్రయందును ప్రీతిగలవాడై యుండుననియు వర్ణించెను. ప్రతిక్రియ చేయక ఉపేక్షించినచో ప్రమేహములన్నియు కాలక్రమమున మధుమేహములై అసాధ్యములగునని హెచ్చరించెను. ఆ గ్రంథములలోని ప్రమేహములన్నియు నేటి మధుమేహమేయని చెప్పుట సాహసము. అయినను రోగములో రెండు జాతులున్నవనుటయు, కాలము గడచినకొలది లొంగదనుటయు, ఈ రెండును నేటి పరిశోధనకు దగ్గరగా నున్నవి. నా ప్రసంగమున మిగిలిన భాగమంతయు ఈ రెండు సూత్రములకు వ్యాఖ్యానమే యనవచ్చును.

మొదట జాతిభేదమును చూతము. మన కడుపులో జఠరము వెనుక క్లోమమను గ్రంథి కలదు. అందు పుట్టు ఇన్సులిన్ అను రసమే రక్తములోని చక్కెరను కండలలోనికి చేర్చును. మొదటిరకపు మధుమేహమున శరీరరక్షణకై యున్న శక్తియే పొరపడి, ఆ రసము పుట్టించు కణములను నాశనము చేయును. ఇది హెచ్చుగా బాలురకును యువకులకును వచ్చును గాని ఏ వయస్సునందైనను రావచ్చును. తిండిపోతుతనముచేత గాని సోమరితనముచేత గాని వచ్చినది కాదు. 1922కు పూర్వము ఈ రోగము వచ్చిన బిడ్డ కొలదికాలములోనే మరణించుట తప్పనిసరి. ఆ యేడు జనవరి 11వ తేదీన కెనడాలోని టొరంటో నగరమున లియొనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునకు, బ్యాంటింగ్, బెస్ట్ అనువారు సిద్ధపరచిన ఇన్సులినును మొదటిసారి యెక్కించిరి. అది శుద్ధముగా లేనందున ఫలింపలేదు. కాలిప్ అను రసాయనజ్ఞుడు దానిని శుద్ధిచేసిన పిమ్మట జనవరి 23వ తేదీన మరల నీయగా రక్తములోని చక్కెర దిగినది. చావు బ్రతుకులలో నున్న ఆ బాలుడు 1935 వరకు జీవించెను. ఈ జాతి రోగికి ఇన్సులిన్ ఔషధము మాత్రమే కాదు, అన్నోదకములవంటిది. నడకచేతను, పథ్యముచేతను, మూలికలచేతను అది అనవసరమగునని యెవరు చెప్పినను నమ్మరాదు.

ఇంత గట్టిగా చెప్పుటకు కారణమున్నది. మా యూరి కుటుంబమొకదానిలో పండ్రెండేండ్ల బాలికకు ఈ మొదటిరకపు వ్యాధి యుండెను. దినమునకు నాలుగు సూదులు పొడుచుకొను బిడ్డను చూచి తల్లిదండ్రుల మనస్సు తరుగుకొనిపోవుచుండెను. అట్టి సమయమున ఎవరో యొక ప్రకటన చూపి, సూదులు మాని కషాయమిచ్చినచో రోగము వెనుకకు పోవునని చెప్పిరి. వారు నమ్మిరి. బిడ్డపై ప్రేమచేతనే నమ్మిరి. మొదటి దినమున దాహము, రెండవ దినమున వాంతులు, మూడవ దినమునకు బిడ్డ స్మృతి తప్పినది. ఊపిరి పండిన పండ్ల వాసన కొట్టుచుండెను. పట్టణమునకు తీసికొనిపోయి, మరల ఇన్సులినునే రక్తములోని కెక్కించి బ్రతికించిరి. ఆ బాలిక నేడు కళాశాలలో చదువుచున్నది. "అందరికిని మరలును" అను నొక్క మాటలోని తప్పు ఎంతవరకు పోవునో మీరే యోచింపుడు.

ఇక రెండవరకపు మధుమేహము. మన దేశమున రోగులలో అత్యధికులకు ఉన్నది యిదియే. మరలునా యను ప్రశ్న న్యాయముగా పుట్టునది యిచ్చటనే. ఇందు ఇన్సులిన్ మొదట లేకపోదు, ఉన్నను పనిచేయదు. దీనికి కారణమును ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన రాయ్ టేలర్ ఇట్లు వివరించెను. ఖర్చుకంటె రాబడి యెక్కువైన యింటిలో గాదెలు నిండిన పిమ్మట ధాన్యమును నట్టింట పోయుదురు గదా! అట్లే, తిన్నది ఖర్చుగాక మిగిలినప్పుడు చర్మము క్రింద చోటు చాలక, క్రొవ్వు కాలేయమున చేరును. క్రొవ్వు పట్టిన కాలేయము ఇన్సులిన్ మాట వినక, వలదన్నను రాత్రింబవళ్లు చక్కెరను రక్తములోనికి వదలుచుండును. అక్కడినుండి క్రొవ్వు క్లోమమునకును ప్రాకి, ఇన్సులిన్ పుట్టించు కణములను మందగింపజేయును. ఆ కణములు తొలినాళ్లలో మూర్ఛిల్లియుండునే గాని మరణించియుండవు. క్రొవ్వు దిగిపోయినచో కొన్ని మేలుకొనును. ఏండ్ల తరబడి అట్లే విడిచినచో మేలుకొనుశక్తియే పోవును. కాలము గడచినకొలది లొంగదను మాటకు అర్థమిదియే.

ఇది ఊహ మాత్రమే కాదు. 2011లో టేలరు బృందమువారు 11 మంది రోగులకు ఎనిమిది వారములపాటు దినమునకు 600 కెలోరీల ఆహారమే యిచ్చి చూచిరి. వారము తిరుగకముందే పరగడుపున చక్కెర సాధారణస్థితికి దిగెను. ఎనిమిది వారములకు కాలేయములోని క్రొవ్వు బాగుగా తగ్గి, క్లోమము మరల పనికి పూనుకొనెను. పిమ్మట గ్లాస్గోకు చెందిన మైకేల్ లీనుతో కలిసి వీరు డైరెక్ట్ అను పెద్ద పరీక్ష జరిపిరి. రోగము వచ్చి ఆరేండ్లకు మించనివారిని, ఇన్సులిన్ వాడనివారిని, 298 మందిని రెండు సమభాగములు చేసిరి. ఒక భాగమువారికి సామాన్యచికిత్స. రెండవ భాగమువారికి మూడు మొదలు ఐదు నెలలవరకు దినమునకు సుమారు 850 కెలోరీల ద్రవాహారము. ఆ పిమ్మట మెల్లమెల్లగా మామూలు భోజనము. ఆపై బరువు నిలుపుకొనుటకు సహాయము. 2017 డిసెంబరులో ఫలితము ప్రకటితమైనది. ఏడాది నాటికి పథ్యము చేసినవారిలో నూటికి 46 మందికి రోగము మరలెను. సామాన్యచికిత్సవారిలో నూటికి నలుగురికే. 15 కిలోలు గాని అంతకు మించి గాని తగ్గినవారిలో నూటికి 86 మందికి మరలగా, 5 కిలోలకు లోపుగా తగ్గినవారిలో నూటికి ఏడుగురికి మాత్రమే మరలెను. బరువు పెరిగినవారిలో ఒక్కరికిని మరలలేదు. మందులను ఆపినది, రక్తము చూచినది అంతయు వైద్యుల యెదుటనే జరిగినదని మరువరాదు.

ఈ సంఖ్యలతో ప్రకటనకర్తలు ఆగిపోవుదురు. మనము ఆగరాదు. రెండేండ్ల నాటికి 46 మందికి బదులు 36 మందియే మిగిలిరి. ఐదేండ్లవరకు వెంబడించి చూచిన 85 మందిలో 11 మందికే ఉపశమనము నిలిచియుండెను. తక్కినవారిలో చాలమందికి విడిచిన బరువు మరల వచ్చెను. బరువు వెంట రోగమును వచ్చెను. వరద మరలిన పిమ్మట గట్టు కాచుట యెంత కష్టమో ఈ లెక్కయే చెప్పుచున్నది. బరువు తగ్గుట కొన్ని నెలల తపస్సు. తగ్గిన బరువును నిలుపుకొనుట యావజ్జీవవ్రతము.

నా పూర్వవిద్యార్థి యొకడు, నలుబదియవ పడిలో నున్న ఉద్యోగి, రోగము తెలిసిన యేడాదిలోపుననే వైద్యుని ఆజ్ఞకు లోబడి 12 కిలోలు తగ్గెను. వైద్యుడే మందులు ఆపెను. రెండేండ్లు సుఖముగా గడచినవి. పిదప బదిలీ యైనది, కూతురి పెండ్లి జరిగినది, నడక ఆగినది. పోయిన బరువులో సగము తిరిగివచ్చెను, చక్కెరయు వచ్చెను. "మాస్టరుగారూ, మొగము చెల్లక ఆరునెలలు డాక్టరుగారియొద్దకు పోలేదు" అని నాతో చెప్పుకొనెను. "నాయనా! పరీక్ష తప్పిన పిల్లవాడు బడి మానినచో తప్పు రెండింతలగును. రోగము తిరిగివచ్చుట నేరము కాదు, చూపించుకొనకపోవుటయే హాని" అని నేను చెప్పితిని. అతడు మరల మందు పుచ్చుకొనుచున్నాడు, మరల నడచుచున్నాడు. సుఖముగా గడచిన ఆ రెండేండ్లును వ్యర్థములు కావు. అన్ని దినములు అతని కన్నులును మూత్రపిండములును చక్కెర బాధ లేక విశ్రమించినవి.

ఇచ్చట కొందరు, "మేము లావుగా లేము గదా! మాకు బరువు తగ్గుటతో నిమిత్తమేమి?" అని యడుగుదురు. ఇది తెలుగువారు అవశ్యము వినవలసిన విషయము. పూనాకు చెందిన యాజ్ఞికుడును, ఆంగ్లేయుడైన యుడ్కినుడును 2004లో తమ ఛాయాచిత్రములతోనే ఒక సంగతి లోకమునకు చూపిరి. ఎత్తునకును బరువునకును గల నిష్పత్తి యిద్దరికిని 22.3, సరిగా సమానము. కాని శరీరములో క్రొవ్వు ఆంగ్లేయునకు నూటికి 9 పాళ్లు, భారతీయునకు 21 పాళ్లు. పైకి సన్నము, లోపల క్రొవ్వు. మనవారి శరీరధర్మము తరచుగా ఇట్టిది. కావుననే మనకు అద్దముకంటె నడుముకొలత నిజము చెప్పును. పురుషునకు 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు మించినచో జాగ్రత్త పడవలెను. పెద్దగా లావులేని 20 మంది రోగులపై టేలరు బృందము జరిపి 2023లో ప్రకటించిన పరీక్షలో, శరీరభారములో ఇంచుమించు పదవవంతు తగ్గగా, 14 మందికి రోగము మరలెను. ప్రతి శరీరమునకును తాను మోయగల క్రొవ్వునకు ఒక మేర యున్నదనియు, ఆ మేర అందరికి నొక్కటి కాదనియు దీనివలన తెలియుచున్నది. అయితే ప్రయత్నము లేకయే చిక్కిపోవుచున్నవాడు ఈ మాట విని యింకను ఉపవాసములు చేయరాదు. అది ఇన్సులిన్ లోపమునకు గాని మరియొక రోగమునకు గాని గుర్తు కావచ్చును. వెంటనే వైద్యునకు చూపించుకొనవలెను.

ఇక మన విస్తరిని చూతము. 2025లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలివారి పరిశీలన ప్రకారము, మన దేశీయుల ఆహారశక్తిలో నూటికి 62 పాళ్లు పిండిపదార్థములనుండియే వచ్చుచున్నది; మాంసకృత్తులు మిక్కిలి తక్కువ. మూడు పూటలును అన్నము, ఇడ్లీ, దోసె, ఉప్మా; పైన తీపి కాఫీ. తెల్లబియ్యమును మాని జొన్నయు కొఱ్ఱయు రాగియు తినుట మంచిదే. కాని రాగియు పిండియే. అన్నము మానితినని నాలుగు రాగిముద్దలు తిన్నవానికి ఫలమేమి? పంచదారకు బదులు బెల్లము వేసికొన్నను, తేనె పోసికొన్నను, రక్తమునకు చేరునది చక్కెరయే. పండును కొరికి తినుట వేరు, రసము పిండి త్రాగుట వేరు. విస్తరిలో సగము కూరలు, ఆకుకూరలు. పావుభాగము పప్పు, సెనగలు, గ్రుడ్డు, చేప, పెరుగు మొదలగునవి. మిగిలిన పావుభాగమే అన్నముగాని రొట్టెగాని. ఇంత సుళువైన లెక్కకు తూనిక యక్కరలేదు. మొదట కూరయు పప్పును తిని, పిదప అన్నమునకు వచ్చినచో చక్కెర నెమ్మదిగా నెక్కును.

నడకనుగూర్చి సుశ్రుతుని మాట వినదగినది. ధనమును బంధువులును లేని ప్రమేహరోగి చెప్పులును గొడుగును లేక, భిక్షాన్నము తినుచు, ఊరికొక్క రాత్రి చొప్పున నిలుచుచు, మునివలె నూరు యోజనములు నడువవలెనని ఆయన విధించెను. సేద్యగాడు దున్నవలెను, లేదా నూయి త్రవ్వవలెను. ధనికుడు సైతము సామలును నివ్వరులును తినవలెను. నేటి రోగి పాదములకు స్పర్శ తగ్గియుండవచ్చును గనుక చెప్పులు లేని నడక మాత్రము పనికిరాదు. తక్కిన తాత్పర్యము నేటికిని సత్యమే. పనిచేయు కండ ఇన్సులిన్ సాయము అంతగా లేకయే చక్కెరను గ్రహించును. వారమునకు 150 నిమిషముల చురుకైన నడక, రెండు మూడు దినములు బరువులెత్తుట వంటి కండల వ్యాయామము, భోజనానంతరము పదిపదునైదు నిమిషముల సంచారము, చాలినంత నిద్ర, పొగాకు విసర్జనము, వీనిలో ఒక్కటియు ధనముతో కొనవలసినది కాదు. అయితే నడక యొక్కటియే బరువును హెచ్చుగా దింపదు. విస్తరిని దిద్దక వీధులు కొలిచినంత మాత్రమున రోగము మరలదు.

కొన్ని హెచ్చరికలు చెప్పక తప్పదు. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలుగాని ఇన్సులినుగాని వాడువారు వైద్యునకు చెప్పక ఉపవాసములు చేసినచో చక్కెర హఠాత్తుగా పడిపోయి స్మృతి తప్పుదురు. మూత్రముగుండ చక్కెరను వెడలించు కొత్తజాతి మందులు వాడువారు అన్నము పూర్తిగా మానినచో, చక్కెర యెక్కువగా లేకున్నను రక్తము ఆమ్లమయమై ప్రాణాపాయము కలుగవచ్చును. గర్భిణులు, బాలింతలు, వృద్ధులు, మూత్రపిండముల వ్యాధి గలవారు తీవ్రపథ్యముల జోలికి తమంతట పోరాదు. కాకరకాయ, మెంతులు, నేరేడుగింజలు, పొడపత్రి ఆహారముగా నుండుగాక. మందు మాని వానిని పట్టుకొనుట తెప్ప విడిచి గడ్డిపరకను పట్టుకొనుట. మందును తగ్గించుటయు మానుటయు వైద్యుడు రక్తపరీక్ష చూచి చేయవలసిన పని.

మిక్కిలి స్థూలకాయులకు జఠరశస్త్రచికిత్స వలన కూడ రోగము మరలుటయున్నది. స్వీడనువారి పరిశీలనలో అట్టివారిలో రెండేండ్లకు నూటికి 72 మందికి మరలగా, పదేండ్లకు 36 మందికి నిలిచెను. ఇటీవల వచ్చిన బరువు తగ్గించు సూదిమందులును బలమైనవే. కాని వానిని వాడుచుండగా చక్కెర సరిగా నుండుట మందుయొక్క ప్రభావము, మానినచో బరువు తిరిగివచ్చుట సామాన్యము. ఏ మార్గమున చూచినను గట్టు కాచుపని మిగిలియే యున్నది.

మరి మరలనివారి గతి యేమి? పదునైదేండ్లుగా రోగమున్నవాడు, ఇన్సులిన్ వాడుచున్నవాడు, ఎంత పథ్యము చేసినను మందు తప్పనివాడు, ఇట్టివారు మనలో లక్షలుగా నున్నారు. "మనస్సుంటే పోవును, నీకు పట్టుదల లేదు" అని వారిని నిందించుట క్రూరము. 1977లో బ్రిటనులో ఆరంభమై 5102 మందిపై రెండు దశాబ్దములు సాగిన పరీక్షలో, చక్కెరను బాగుగా అదుపులో నుంచినవారికి కన్నులకును మూత్రపిండములకును కలుగు చిక్కులు నాలుగవవంతు తగ్గినవి. అక్కడ రోగము మరలుట జరుగలేదు. అదుపు మాత్రమే జరిగినది. ఆ యదుపే చూపును నిలిపినది. ఊతకంబముతో నిలిచిన ఇల్లును ఇల్లే గదా! అందు పిల్లలు పెరుగుదురు, పెండ్లిండ్లు జరుగును.

ఇంకను రోగము రానివారు, వచ్చుటకు సిద్ధముగా నున్నవారు దీనికంటె అదృష్టవంతులు. 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము మన దేశమున 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహమున్నది. 13 కోట్ల 60 లక్షలమంది దాని గుమ్మము ముందు నిలిచియున్నారు. అట్టివారిని 531 మందిని చెన్నపట్టణమున మూడేండ్లు పరిశీలించి 2006లో ఫలితము ప్రకటించిరి. ఏమియు చేయనివారిలో నూటికి 55 మందికి రోగము వచ్చెను. ఆహారమును నడకను దిద్దుకొన్నవారిలో 39 మందికే వచ్చెను. చీనాదేశమున దాచింగ్ పట్టణమున 1986లో ఆరంభమైన ఇట్టి ప్రయత్నమును ముప్పదియేండ్లు వెంబడించి చూడగా, ఆరేండ్ల నియమము రోగమును ఇంచుమించు నాలుగేండ్లు వెనుకకు నెట్టినదని తేలెను. ముప్పది దాటినవారు, తల్లిదండ్రులకు వ్యాధి యున్నవారు, గర్భకాలమున చక్కెర కనబడిన స్త్రీలు, రక్తపరీక్షకు సందేహింపరాదు.

కడపట గృహస్థులకు ఒక మనవి. పథ్యము రోగి యొక్కని వ్రతము కాదు. ఇంటిల్లిపాదియు పులిహోర తినుచు, ఒక్కని ముందు మాత్రము జొన్నరొట్టె పెట్టినచో, ఆ వ్రతమెన్నాళ్లు సాగును? అతిథికి "ఇంకొక్క లడ్డు, మా మీద ఒట్టు" అని వడ్డించుట మర్యాద యనుకొందుము. వద్దన్నవానికి వడ్డింపకుండుటయు మర్యాదయే. ఇంటి ఆడవారికి షుగరు వచ్చినప్పుడు అందరి భోజనము ముగిసిన పిదప మిగిలిన అన్నమే వారి పాలగుచున్నది. వారి నడకకు వేళ లేదు, వారి పరీక్షకు తీరిక లేదు. పథ్యము మొదట అక్కడ ఆరంభము కావలెను.

కావున, శ్రోతలారా, ఎవరైనను "షుగరు పోవునా?" అని మిమ్ము అడిగినచో, తిరిగి మూడు ప్రశ్నలు వేయుడు. ఏ జాతి? వచ్చి యెన్నాళ్లైనది? గట్టు కాచుటకు ఇల్లంతయు సిద్ధముగా నున్నదా? రెండవజాతి యై, కొత్తగా వచ్చినదై, ఇల్లు తోడుపడునట్టిదై యున్నచో, వైద్యుని చేయి పట్టుకొని నేడే యారంభింపుడు. మరలుటకు మంచి యవకాశమున్నది. కానిచో, మందును పథ్యమును రెండింటిని గౌరవింపుడు. దీర్ఘాయువునకు అదియు మార్గమే. మానినదని గర్వింపవలదు, మరలదని నిరాశ పడవలదు. మీకందరికిని ఆరోగ్యము కలుగుగాక!